హెడ్ గ్యాస్కెట్ మార్చిన 23 రోజులకే ఇంజన్ మళ్లీ వేడెక్కింది: షెడ్డువారు మళ్లీ విప్పుతామంటున్నారు, విప్పనివ్వవచ్చా?

మునేరు ఒడ్డు

అందరికీ నమస్కారం. మా కారు విషయంలో రెండు రోజుల్లో ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంది. తొందరపడి చేజేతులా నష్టపోతానేమోనన్న భయంతో వివరంగా రాస్తున్నాను.

మాది ఖమ్మం. కారు ఆరేళ్ల నాటి పెట్రోలు బండి, 72 వేల కిలోమీటర్లు తిరిగింది. కూలెంట్ తరచూ తగ్గిపోతోందని గత నెలలో విజయవాడ ఆటోనగర్‌లో మా బంధువుకు తెలిసిన ఒక షెడ్డులో ఇచ్చాను. ఇంజన్ బ్లాకుకూ, దాని పైన మూతలా ఉండే హెడ్డుకూ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పి, నాలుగు రోజులు ఉంచుకుని, మార్చి ఇచ్చారు. మొత్తం 34,500 రూపాయలు తీసుకున్నారు. అందులో 20,000 యూపీఐ ద్వారా, మిగిలినది నగదుగా చెల్లించాను. బిల్లు అడిగితే షెడ్డు పేరు ముద్రించిన చిన్న చీటీ మీద ‘ఇంజన్ పని, సామానుతో సహా’ అని ఒక్క వరుస రాసి ఇచ్చారు.

సరిగ్గా 23 రోజులకు, మా అమ్మకు విజయవాడలో కంటి ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకువస్తుండగా, మైలవరం దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఒక మామిడి తోట పక్కన బండి ఆపి, కంటికి కట్టుతో ఉన్న అమ్మను చెట్టు నీడలో కూర్చోబెట్టి బానెట్ ఎత్తేసరికి కూలెంట్ డబ్బాలో నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. బాగా చల్లారాక ఆయిల్ పుల్ల తీసి చూస్తే దాని చివర పాలు కలిపిన టీ రంగులో చిక్కటి నురగ, ఆయిల్‌లో నీళ్లు కలిసిన గుర్తు, అంటుకుని ఉంది. 4,800 రూపాయలు ఇచ్చి టోయింగ్ బండి మీద మళ్లీ అదే షెడ్డుకు చేర్చాను.

తమ పనిలో లోపం ఏమీ లేదని, నేను వేడెక్కిన బండిని నడిపినందువల్లనే హెడ్డు పాడైందని, విప్పి చూస్తే తెలుస్తుందని, సుమారు 41,000 అవుతుందని యజమాని అంటున్నారు. విప్పనివ్వాలా, వద్దా? విప్పకపోతే లోపం ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్ లేతు

నేను ఆటోనగర్‌లోనే ఒక మిషన్ షాపులో 19 ఏళ్లుగా హెడ్ ఫేసింగ్, అంటే హెడ్డు అడుగు ముఖాన్ని చదునుగా చెక్కే పని, చేస్తున్నాను. మీరు వెళ్లిన షెడ్డు ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: మీరు దగ్గర లేకుండా, వీడియో లేకుండా, మీ తరఫున పని తెలిసిన మనిషి ఒకరు లేకుండా ఆ ఇంజన్ బోల్టు ఒక్కటి కూడా కదలనివ్వకండి. మీ సాక్ష్యం అంతా ఆ హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనే ఉంది.

ఎందుకో చెబుతాను. మీ ఇంజన్‌లో హెడ్డు అల్యూమినియంది. ఒకసారి బాగా వేడెక్కితే అది మధ్యలో వంగుతుంది. కంటికి కనిపించదు. దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నని పట్టీ పెట్టి, కింద ఫీలర్ గేజ్ బిళ్ల (మందం తెలిసిన పలుచని రేకు) దూర్చి కొలవాలి. చాలా చిన్న పెట్రోలు ఇంజన్లలో అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ ఇంజన్‌కు సరిగ్గా ఎంతో తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది. అంతకు మించితే మా దగ్గరకు పంపి ఫేసింగ్ చేయించాలి, ప్రెషర్ టెస్టు పెట్టి పగులు ఉందేమో చూడాలి. ఆ తరువాతనే కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి బయటకు, చెప్పిన వరుసలో, దశలవారీగా, ఎంత బిగువు పడుతోందో చూపే టార్క్ రెంచితో బిగించాలి. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టులు బిగించినప్పుడే కొంచెం సాగుతాయి కనుక వాటిని రెండోసారి వాడకూడదు. వంగిన హెడ్డును కొలవకుండా, పాత గ్యాస్కెట్ గీకేసి కొత్తది వేసి బిగిస్తే బండి కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. ఆ తరువాత మీరు చెప్పినట్టే అవుతుంది.

ఫేసింగ్ చేసిన హెడ్డు మీద కట్టర్ తిరిగిన సన్నని గీతలు స్పష్టంగా ఉంటాయి. 23 రోజుల్లో అవి ఎక్కడికీ పోవు. విప్పిన వెంటనే ఫోటో తీస్తే అవి ఉన్నాయో లేవో ఎవరైనా చెప్పగలరు. విప్పి, మీరు చూడకముందే ఆ హెడ్డును ఫేసింగ్‌కు పంపించారంటే మాత్రం ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు.

గుంటూరు షెడ్డు

నాకు సొంత షెడ్డు ఉంది. ఇలాంటి చర్చల్లో మెకానిక్ తప్పు చేశాడన్న నిర్ణయం ముందే జరిగిపోతుంది కనుక రెండో వైపు కూడా చెప్పాలనిపించింది. అయ్యా, ముల్లు పైకి లేచిన తరువాత మీరు ఎంత దూరం నడిపారు? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పండి. హెడ్ గ్యాస్కెట్ ఒక్కదాని వల్లనే బండి వేడెక్కదు. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకోకపోయినా, రేడియేటర్ ఫ్యాను తిరగకపోయినా, ఒక హోస్ పైపు క్లిప్పు వదులైనా వేడెక్కుతుంది; అలా వేడెక్కిన బండిని నడిపితే బాగా వేసిన గ్యాస్కెట్ కూడా పోతుంది. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది హెడ్ ఫేసింగ్‌కూ కొత్త బోల్టులకూ అయ్యే ఖర్చు చెప్పగానే ‘అవన్నీ వద్దు, తక్కువలో చేయండి’ అంటారు. తరువాత బండి ఆగిపోతే ఆ మాట ఎవరికీ గుర్తుండదు. మీతో ఆ షెడ్డువారు ఆ ఖర్చుల గురించి మాట్లాడారా?

మునేరు ఒడ్డు

గుంటూరు షెడ్డు గారూ, అడగవలసిన ప్రశ్నే అడిగారు. ముల్లు ఎర్రగీతకు చేరిన తరువాత సుమారు రెండు కిలోమీటర్లు నడిపాను. వెంటనే ఆపి అమ్మను ఎండలో నిలబెట్టలేక, నీడ కోసం వెతుకుతూ నడిపాను. అది దాచను. ఫేసింగ్ గురించి గాని, బోల్టుల గురించి గాని వారు ఒక్క మాట కూడా అనలేదు. ‘అంతా కొత్తదే వేస్తున్నాం’ అని వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజి మాత్రం నా దగ్గర ఉంది.

కృష్ణాతీర న్యాయవాది

ఆ వాయిస్ మెసేజిని, ఆ చాటును ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించకండి, ఆ ఫోన్‌ను మార్చకండి. వేరేచోట కాపీ ఉంచుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి వస్తుంది, అప్పుడు అసలు ఫోన్ ఉంటే పని సులువు.

ఇక చట్టం సంగతి. డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు సేవ కిందికి వస్తుంది, ఆ పనిలో ఉండవలసిన నాణ్యత లోపిస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. మీ చీటీలో గడువు లేదు కనుక మీరు రాతపూర్వకంగా అడగడం ముఖ్యం.

షెడ్డు విజయవాడలో ఉన్నంతమాత్రాన మీరు అక్కడికి తిరగనవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది, అంటే ఖమ్మంలోనే. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు అవతలి పక్షంతో మాట్లాడే ప్రయత్నం చేస్తారు, దానివల్ల మీ ఫిర్యాదు హక్కు పోదు.

అయితే ఇవన్నీ ఉన్నా ఒక విషయం గుర్తుంచుకోవాలి. సేవాలోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుపైనే ఉంటుందని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ ఆవేదన ఎంత నిజమైనా, అమ్మగారు ఎండలో పడిన కష్టం ఎంత నిజమైనా, హెడ్డు కొలవకుండా బిగించారని చూపే కాగితం లేకపోతే కమిషన్ మీకు సహాయం చేయలేదు. కనుక లేతు గారు చెప్పిన మాట చట్టపరంగా కూడా మొదటి మాట.

మంగళగిరి నుంచి

న్యాయవాది గారు చెప్పినది నా విషయంలో జరిగింది కనుక రాస్తున్నాను. మూడేళ్ల క్రితం మా కారు క్లచ్ మార్పించాను. నెలకే గేర్లు పడడం మానేశాయి. మొదటి షెడ్డు యజమాని ఫోన్ ఎత్తకపోతే కోపంతో వేరేచోటికి తీసుకువెళ్లి, మళ్లీ క్లచ్ వేయించి, పాత ప్లేటును అక్కడే వదిలేసి వచ్చాను. తరువాత కేసు వేస్తే, మొదట వేసిన ప్లేటు నకిలీదని చెప్పడానికి నా దగ్గర రెండో మెకానిక్ నోటిమాట తప్ప ఏమీ లేకపోయింది. అఫిడవిట్ ఇవ్వమంటే ఆయన రోజూ చూసుకునే మనుషులతో తగాదా ఎందుకని వెనక్కి తగ్గాడు. ఫిర్యాదు కొట్టేశారు. ఆ ప్లేటు ఒక సంచిలో పెట్టి ఇంటికి తెచ్చుకుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. దయచేసి విప్పిన ప్రతి ముక్కా మీ స్వాధీనంలో ఉంచుకోండి.

పాత డిపో

ఆర్టీసీలో మెకానిక్‌గా పదవీ విరమణ చేశాను. నేను పనిచేసిన డిపోలో పాత సామాను స్టోర్సుకు అప్పగించనిదే కొత్త సామాను చేతికి వచ్చేది కాదు. అందుకే ఏది మార్చారో, ఏది మార్చలేదో దాచడం కుదిరేది కాదు. బయట బండి ఇచ్చేవారు కూడా ఇదే పట్టుబట్టాలి: పాత గ్యాస్కెట్, పాత బోల్టులు ఒక పాత పేపర్‌లో చుట్టి డిక్కీలో పెట్టమని మొదటి రోజే చెప్పాలి.

గుంటూరు షెడ్డు గారి ప్రశ్నను తేలికగా తీసుకోవద్దని మునేరు ఒడ్డు గారికి మనవి. రెండు కిలోమీటర్లు ఎర్రగీత మీద నడపడం చిన్న విషయం కాదు. కాని వేడెక్కడం ముందా, గ్యాస్కెట్ పోవడం ముందా అనేది విప్పితే చాలావరకు తెలుస్తుంది. రెండు సిలిండర్ల మధ్య సన్నటి కట్టు దగ్గర గ్యాస్కెట్ ఒక్కచోట కాలి, అక్కడ మసి గీతలా పాకి ఉంటే అక్కడ బిగువు సరిగా పట్టలేదని, గ్యాస్ కొంతకాలంగా దారి చేసుకుందని అర్థం. థర్మోస్టాట్‌ను కూడా ఊరికే వదలకండి. గిన్నెలో వేడినీళ్లలో వేసి, థర్మామీటర్ పెట్టి, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో అందరి ఎదుటా చూడండి. అది పనిచేస్తే వారి వాదనలో సగం పోతుంది. పనిచేయకపోతే మీ వాదనలో కొంత పోతుంది. ఏదైనా నిజమే తెలియాలి కదా.

వరంగల్ క్యాబ్

నాకు ఒక సందేహం. నేను నా సొంత బండిని క్యాబ్‌గా నడుపుతాను. మాలాంటివారికి వినియోగదారుల కమిషన్ వర్తించదని ఒకరు చెప్పగా విని, 26,000 రూపాయల సస్పెన్షన్ పని పాడైనా ఊరుకున్నాను. అది నిజమేనా? ఇంకొకటి, డబ్బు మొత్తం కట్టేదాకా బండి ఇవ్వమని షెడ్డువారు పట్టుకుంటే ఏం చేయాలి?

కృష్ణాతీర న్యాయవాది

వరంగల్ క్యాబ్ గారూ, మీకు చెప్పింది పూర్తిగా సరికాదు. వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవను చట్టం మినహాయించిన మాట వాస్తవమే, కాని కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొని వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని అదే చోట వివరణ ఉంది. బండి మీరే నడుపుకుంటూ ఇల్లు గడుపుకుంటుంటే మీరు వినియోగదారేనని వాదించవచ్చు. రెండేళ్ల గడువు దాటకపోతే ఇప్పటికైనా కాగితాలు తీయండి.

రెండో ప్రశ్నకు జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టిన వ్యక్తి తన ప్రతిఫలం అందేవరకు దాన్ని అట్టిపెట్టుకోవచ్చని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అంటుంది. ఆ ఒప్పందానికి తగినట్టు పని చేసి ఉండాలన్న షరతూ అందులోనే ఉంది. అయినా షెడ్డు గేటు దగ్గర ఆ వాదన తేలదు. బండి అత్యవసరమైతే ‘పనిలో లోపం ఉందన్న అభ్యంతరంతో, నా హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నాను’ అని రాసి, యూపీఐ ద్వారా కట్టి, బండి తెచ్చుకుని, తరువాత పోరాడడం మేలు. నగదు ఇవ్వకండి.

ఫ్రీమాంట్ నుంచి

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ రిపేరు షాపుల మీద అజమాయిషీకి బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే రాష్ట్ర సంస్థ ఉంది. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వాలి, మన అనుమతి లేకుండా దాన్ని మించి వసూలు చేయకూడదు, ముందుగా అడిగితే మార్చిన పాత భాగాలను చూపాలి లేదా ఇవ్వాలి. పాత డిపో గారు చెప్పిన పద్ధతి ఇక్కడ చట్టంలోనే ఉందన్నమాట. మన దగ్గర కూడా కనీసం జాబ్ కార్డు (చేయవలసిన పనులు రాసే కాగితం) మీద సంతకాలు జరిగే అలవాటు చిన్న షెడ్లలోనూ వస్తే మంచి మెకానిక్‌లకే ముందు మేలు జరుగుతుందని నా నమ్మకం.

గుంటూరు షెడ్డు

ఆ చివరి మాటతో నేను ఏకీభవిస్తాను. ఫేసింగ్ వద్దని కస్టమర్ అంటే ఆ ముక్క జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టించుకోవడం నేను రెండేళ్లుగా చేస్తున్నాను. చాలామంది సంతకం పెట్టేటప్పుడు ఆగి, ‘అయితే చేయించండి’ అంటారు. మునేరు ఒడ్డు గారి విషయంలో ఆ షెడ్డు యజమానికి నిజంగా తన పని మీద నమ్మకం ఉంటే అందరి ఎదుటా విప్పడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మాత్రం నేను ఆయన పక్షాన మాట్లాడను.

మునేరు ఒడ్డు

ఎనిమిది రోజుల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

న్యాయవాది గారి సలహా ప్రకారం ఒక పేజీ లేఖ రాశాను. ఏ తేదీన ఎంత చెల్లించానో, ఏమి జరిగిందో రాసి, ఇరుపక్షాల ఎదుట తప్ప ఇంజన్ విప్పవద్దని, విప్పే తేదీని వారే చెప్పాలని, ఏడు రోజుల్లో జవాబు కావాలని కోరాను. స్పీడ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ పంపాను. మొదటి రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు యజమాని ఫోన్ చేసి, ఇంత దూరం ఎందుకు తీసుకువెళ్లారని బాధపడ్డారు. నేను ఆయనను నిందించలేదు. విప్పేటప్పుడు అందరం ఉందాం, ఏది తేలినా ఒప్పుకుందాం అన్నాను. ఒప్పుకున్నారు.

నేను 2,500 రూపాయల ఫీజు ఇచ్చి అనుభవం ఉన్న ఒక ఆటోమొబైల్ ఇంజనీరును తీసుకువెళ్లాను. మా తమ్ముడు మొదటి నుంచి చివరి వరకు వీడియో తీశాడు. ముందుగా ఓడోమీటర్ అంకె, కూలెంట్ డబ్బా, ఆయిల్ పుల్ల తీశాడు. ఆ తరువాతనే స్పానర్ పట్టారు. హెడ్డు ఎత్తగానే రెండు, మూడు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ అగ్గిపుల్ల వెడల్పున కాలిపోయి ఉంది. పాత డిపో గారు చెప్పినట్టే దాని వెంట నల్లటి మసి పాకి ఉంది. హెడ్డును తుడిచి స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టారు. 0.05 బిళ్ల, 0.10 బిళ్ల సులువుగా దూరాయి. 0.15 బిళ్ల కూడా తలుపు కింద కాగితం జారినట్టు జారిపోయింది. షెడ్డు యజమాని తన చేతితోనే మరోసారి దూర్చి చూసుకున్నారు. కట్టర్ గీతలు ఎక్కడా లేవు. బోల్టుల్లో పదింటికి పది పాతవే, తలల మీద తుప్పు మచ్చలతో సహా. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.

థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేశాం. అది తెరుచుకుంది, కాని పూర్తిగా కాదు. సగం దాకా వచ్చి ఆగింది. ఈ మాట కూడా ఇంజనీరు నివేదికలో ఉంది, ఉండాలని నేనే అన్నాను.

యజమాని ఇప్పుడు ఫేసింగ్, కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు, మజూరీ అంతా తాను భరిస్తానంటున్నారు. థర్మోస్టాట్, కూలెంట్, ఆయిల్ నన్ను కొనుక్కోమంటున్నారు. టోయింగ్ ఖర్చు ఇవ్వనంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఆటోనగర్ లేతు

ఫేసింగ్ ఎక్కడ చేయిస్తారో మీరు వెళ్లి చూడండి, హెడ్డుకు ప్రెషర్ టెస్టు కూడా చేయించండి. 0.15 అంటే ఎక్కువ వంపే. ఫేసింగ్‌లో ఎంత మందం తీశారో, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దులోనే ఉందో లేదో రాయించుకోండి. హద్దు దాటితే ఆ హెడ్డు పనికిరాదు, కొత్త హెడ్డు ఎవరు కొనాలన్న ప్రశ్న వస్తుంది. అది ఇప్పుడే మాట్లాడుకోండి. బ్లాకు పైముఖం కూడా అదే స్ట్రెయిట్ ఎడ్జ్‌తో కొలవండి, చాలామంది అది మరచిపోతారు. నీళ్లు కలిసిన ఆయిల్‌ను ఒక్కసారి మారిస్తే సరిపోదు. కొత్తది పోసి కొద్దిసేపు నడిపి, అది కూడా తీసేసి, ఫిల్టరుతో సహా మళ్లీ మార్చాలి.

కృష్ణాతీర న్యాయవాది

నా అభిప్రాయంలో ఇది ఒప్పుకోదగిన రాజీయే. కమిషన్‌కు వెళ్తే టోయింగ్ ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కూడా అడగవచ్చు, కాని ఎర్రగీత మీద నడిపిన రెండు కిలోమీటర్లు, సగమే తెరుచుకున్న థర్మోస్టాట్ వారి జవాబులో తప్పకుండా వస్తాయి. విచారణ మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అన్నా ఆచరణలో ఎక్కువ కాలమే పడుతోంది, అన్నాళ్లూ మీ బండి విప్పిన స్థితిలో ఉంటుంది. కాని నోటిమాట మీద ముగించకండి. ఏమి లోపం తేలింది, ఏది ఎవరు భరిస్తారు, ఏ తేదీకి ఇస్తారు, ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్ల వరకు పూచీ అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ‘ఈ పని విఫలమైతే ఫిర్యాదు హక్కు నాకు అలాగే ఉంటుంది’ అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

మునేరు ఒడ్డు

అలాగే రాసుకున్నాం. ఆరు నెలలు లేదా 10,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, పూచీ ఇచ్చారు. హెడ్డు హద్దు దాటితే మార్చే ఖర్చు చెరి సగం. టోయింగ్ డబ్బులో 2,400 ఇస్తామన్నారు, నేను ఒప్పుకున్నాను. నిన్న మిషన్ షాపుకు నేనూ వెళ్లాను; ప్రెషర్ టెస్టులో పగులు లేదని తేలింది, ఫేసింగ్ తరువాత మందం హద్దులోనే ఉందని కాగితం మీద రాసి ఇచ్చారు, బ్లాకు ముఖం కూడా సరిగానే ఉంది. సోమవారం బిగిస్తారు. ఆ రోజు టార్క్ రెంచి చేతిలో ఉన్నప్పుడు నేను పక్కనే ఉంటాను. కాలిన గ్యాస్కెట్, పది పాత బోల్టులు ఒక గుడ్డ సంచిలో కట్టి మా ఇంటి అటక మీద పెట్టాను. పూచీ గడువు తీరేవరకు అవి అక్కడే ఉంటాయి.